మండు వేసవిలో మామిడికాయలు మాగబెట్టడం: చోటు, వేడి, తేమ, గాలి

ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ దాకా తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. తోట నుంచి మంచి బంగినపల్లి కాయలే తెప్పించుకున్నాము, గడ్డిలో పెట్టాము, వారం రోజులు ఓపిక పట్టాము. తీరా చూస్తే తొక్క పచ్చగానే ఉండి ముడతలు పడింది, కోస్తే టెంక చుట్టూ కండ మెత్తబడి పులిసిన వాసన వస్తోంది, ఇంకొన్ని కాయలు తొడిమ దగ్గర నల్లబడి కుళ్లిపోయాయి. అప్పుడు కాయ మంచిది కాదని, లేత కాయ కోసి ఇచ్చారని అనుకుంటాము. లేత కాయ వల్ల వచ్చే నష్టం నిజమే. అయితే ఎన్నో వేసవులుగా నేను గమనించిన మేరకు, చెడిపోయిన కాయల్లో చాలా భాగం చెట్టు మీద చెడినవి కావు. మనం ఇంట్లో పెట్టిన చోటులో చెడినవి.

కాయ మాగాలంటే ఉక్కగా ఉండే చోట పెట్టాలన్న నమ్మకం మనలో బలంగా ఉంది. పెంకుటిళ్లు, మట్టి మిద్దెలు ఉన్న కాలంలో ఆ నమ్మకం వల్ల పెద్ద హాని జరగలేదు, ఎందుకంటే మూరెడు మందం గోడల మధ్య ఉన్న కొట్టుగది బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా చల్లగానే ఉండేది. ఆ చల్లదనంలో గడ్డి కప్పితే కలిగే కొద్దిపాటి ఉక్క కాయకు సరిపోయేది. ఇప్పుడు అదే గడ్డిని, అదే కాయలను పై అంతస్తులో సిమెంటు స్లాబు కింద, అటక మీద, లేదా రేకుల గదిలో పెడుతున్నాము. పద్ధతి పాతదే, ఇల్లు మారింది. మే నెలలో మన ఇళ్లలో మామిడికాయకు కొరత పడేది వేడి కాదు, చల్లదనం. ఈ మార్గదర్శి అంతటా నేను చెప్పదలచినది ఆ చల్లదనాన్ని, దానితోపాటు తేమను, గాలిని కాయకు ఎలా సమకూర్చాలన్నదే.

కాయ లోపల జరిగేది

మామిడి కోసిన తరువాత కూడా శ్వాసిస్తూనే ఉంటుంది. ముదిరిన కాయ పండే దశకు చేరగానే ఆ శ్వాస ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. దానితోపాటు కాయ తనంతట తానే ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. ఆ వాయువు తగిలిన కాయ మరింత ఇథిలీన్‌ను తయారు చేస్తుంది, పక్క కాయలను కూడా పండే దారి పట్టిస్తుంది. బుట్టలో ఒక కాయ పండితే మిగిలినవి దాని వెంట పండడానికి కారణం ఇదే. పండ్లు తమంతట తాము ఇథిలీన్‌ను విడుదల చేస్తాయని 1934లో రిచర్డ్ గేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త నిరూపించాడు. మన వాళ్లు అంతకు ఎంతో ముందు నుంచే పండిన కాయను పచ్చికాయల మధ్య పెట్టి ఆ గుణాన్ని వాడుకుంటూ వచ్చారు.

ఇథిలీన్ సంకేతం అందిన కాయలో నాలుగు మార్పులు జరుగుతాయి. కండలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగి కండ మెత్తబడుతుంది, తొక్కలోని ఆకుపచ్చ రంగు విరిగిపోయి పసుపు బయటపడుతుంది. ఈ నాలుగూ ఒకే వేగంతో నడిస్తేనే చూడడానికి, తినడానికి బాగుండే పండు వస్తుంది. నిలవ చేసే చోటు వాటి మధ్య పొత్తును చెడగొట్టగలదు. వేడి ఎక్కువైతే మెత్తబడడం ముందుకు ఉరుకుతుంది, రంగు వెనుకబడుతుంది; చలి ఎక్కువైతే రంగు వస్తుంది కానీ పులుపు తగ్గదు. మొదట్లో చెప్పిన ఫిర్యాదుకు మూలం ఈ పొత్తు చెడడమే.

మొదటి అడుగు: మాగబెట్టదగిన కాయను ఎంచుకోవడం

ఎంత మంచి చోటులో పెట్టినా లేత కాయ తీపి పండు కాదు. తీపికి పెట్టుబడి చెట్టు మీద ఉండగా కండలో చేరిన పిండిపదార్థమే; అది చేరకముందే కోస్తే ఇథిలీన్ తొక్కకు రంగు తేగలదు, కండను మెత్తబరచగలదు, తీపిని మాత్రం సృష్టించలేదు. అందువల్ల కాయలు కొనేటప్పుడు, కోయించేటప్పుడు ఈ గుర్తులు చూడాలి. ముదిరిన బంగినపల్లికి తొడిమ చుట్టూ భుజాలు పొంగి, తొడిమ చిన్న గుంటలో దిగినట్టు కనిపిస్తుంది. బుగ్గలు నిండుగా ఉంటాయి. ముదురు ఆకుపచ్చ తొక్క కాస్త లేత ఛాయకు తిరుగుతుంది. తొక్క మీది చుక్కలు స్పష్టపడతాయి. లేత కాయ భుజాలు తొడిమ నుంచి జారినట్టు ఉంటాయి.

ఇంటిదగ్గర చేయదగిన పరీక్షలు రెండున్నాయి. బకెట్టు నీళ్లలో కాయలు వేస్తే ముదిరినవి మునుగుతాయి, లేతవి తేలుతాయి, ఎందుకంటే పిండిపదార్థం చేరేకొద్దీ కాయ సాంద్రత నీటి సాంద్రతను మించుతుంది. తేలిన వాటిని పక్కకు తీసి పప్పులోకో పచ్చడిలోకో వాడుకోవడం మేలు. రెండవది, లాటులో ఒక కాయను కోసి చూడడం: టెంక గట్టిపడి, దాని చుట్టూ కండ తెలుపు పోయి మీగడ రంగుకో లేత పసుపుకో తిరిగి ఉంటే మిగిలిన కాయలు మాగడానికి సిద్ధంగా ఉన్నట్టే. నూరు కాయలు కొనే వారు ఒక కాయను ఇలా కోల్పోవడానికి వెనుకాడకూడదు.

గాలివానకు రాలిన కాయలను మాగబెట్టే కుప్పలో కలపకూడదు. దెబ్బ తగిలిన కాయ గాయం వల్లనే ఇథిలీన్‌ను అధికంగా విడుదల చేసి, పక్కన ఉన్న మంచి కాయలను అకాలంగా తొందరపెడుతుంది. తాను మాత్రం పండకుండానే కుళ్లుతుంది. సూదితో పొడిచినట్టు చిన్న గాట్లు ఉన్న కాయలనూ విడదీయాలి, అవి పండు ఈగ గుడ్లు పెట్టిన గుర్తులు కావచ్చు.

రెండవ అడుగు: కోత, సొన

సొంత చెట్టు ఉన్నవారు పొద్దున్నే, ఎండ ముదరకముందే కోయాలి. మధ్యాహ్నం కోసిన కాయ కండలో ఎండ వేడిని నింపుకుని వస్తుంది. ఆ వేడి దిగడానికి గంటలు పడుతుంది, ఆ గంటలన్నీ కాయ తన నిలవ శక్తిని ఖర్చు చేసుకుంటూనే ఉంటుంది. చిక్కం కట్టిన గెడతో నాలుగు వేళ్ల పొడవు తొడిమ ఉండేలా కోసి, కింద పడకుండా అందుకోవాలి. ఆ తరువాత నీడలో తొడిమను ఒక సెంటీమీటరుకు కత్తిరించి, కాయను తలకిందులుగా పెట్టి సొన పూర్తిగా కారనివ్వాలి. సొన తొక్క మీద పడితే ఆ చోట మాడి నల్ల మచ్చ అవుతుంది. తొడిమను పూర్తిగా తుంచేస్తే ఆ గాయం గుండానే తొడిమ కుళ్లు లోపలికి దిగుతుంది. కాయలను నేల మీద కాక గడ్డి మీదనో చెక్కల మీదనో ఉంచాలి.

సొన కారిన కాయలను శుభ్రమైన నీటితో కడిగి, నీడలో తడి పూర్తిగా ఆరేదాకా ఉంచాలి. మచ్చ తెగులు, అంటే పండేటప్పుడు తొక్క మీద నల్లటి పల్లపు మచ్చలుగా వ్యాపించే ఆంత్రాక్నోస్, చెట్టు మీద ఉండగానే కాయకు అంటుకుని తొక్కలో నిద్రాణంగా ఉంటుంది. థర్మామీటరు ఉన్నవారు 50 నుంచి 52 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో 5 నుంచి 10 నిమిషాలు కాయలను ముంచి తీసి, వెంటనే చల్లార్చి ఆరబెడితే ఆ తెగులు చాలావరకు అణగుతుంది. వేడి అంతకు తగ్గితే ఫలితం ఉండదు, మించితే తొక్క కమిలిపోతుంది. చేయి పెట్టి చూసి అంచనా వేసే పని కాదు కాబట్టి థర్మామీటరు లేనివారు ఈ అడుగును వదిలేయడమే మంచిది.

మూడవ అడుగు: చోటును వెతకడం

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. గోడ గడియారం ధరకే ఇప్పుడు వేడినీ, గాలిలో తేమనూ రెండింటినీ చూపే చిన్న డిజిటల్ పరికరం దొరుకుతుంది. దానిని కొని, మాగబెట్టడానికి రెండు రోజుల ముందు ఇంట్లో నాలుగైదు చోట్ల పెట్టి, మధ్యాహ్నం మూడు గంటలకూ తెల్లవారుజామునా అంకెలు రాసుకోవాలి. మనకు చల్లగా తోచే చోటుకూ, నిజంగా చల్లగా ఉండే చోటుకూ తేడా ఉంటుంది. మా ఇంట్లో తరతరాలుగా కాయలు పెట్టిన అటక, స్లాబు వేసిన తరువాత ఇల్లంతటిలోకీ వేడి చోటుగా మారిందని ఆ పరికరం చెప్పేదాకా మాకు తెలియలేదు.

అంకెలను ఇలా అర్థం చేసుకోవాలి. 20 నుంచి 23 డిగ్రీల మధ్య మామిడి అత్యుత్తమంగా పండుతుంది; రంగు, తీపి, వాసన కలిసి వస్తాయి. ఏసీ లేని ఇంట్లో మే నెలలో అది సాధ్యం కాదు, కాబట్టి 25 నుంచి 28 డిగ్రీలు దొరికితే తృప్తి పడవచ్చు. 27 నుంచి 30 డిగ్రీల మధ్య పండు తయారవుతుంది కానీ తొక్క మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు మచ్చలుగా ఉండిపోతాయి, వాసన ఘాటెక్కుతుంది. 30 దాటితే పండడం మందగిస్తుంది. ఉక్క ఎక్కువైతే త్వరగా పండుతుందన్న నమ్మకం సరిగ్గా ఇక్కడే తప్పుతుంది: ఆ వేడిలో శ్వాస మాత్రం ఆగదు, కాయ కూడబెట్టుకున్న చక్కెరను కరిగించుకుంటూనే ఉంటుంది, నీరు కోల్పోతుంది, కుళ్లు బూజులు విజృంభిస్తాయి, కావలసిన మార్పులు మాత్రం ముందుకు సాగవు. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ కాయ శ్వాస వేగం సుమారు రెండు మూడు రెట్లు అవుతుందని గుర్తుంచుకుంటే, 35 డిగ్రీల గదిలో వారం రోజులు కాయ మీద ఎంత భారం పడుతుందో ఊహించవచ్చు.

కింది అంతస్తులో ఉత్తరం వైపు గది, మంచం కింద నేల, కిటికీ ఎండ పడని మూల, నాపరాయి పరిచిన పాత గది – ఇవి సాధారణంగా మంచి చోట్లు. వంటగది, ఫ్రిజ్ వెనుక భాగం, పడమటి గోడ పక్క, మేడ మీది గది, కారు షెడ్డు తగవు. ఎయిర్ కూలర్ నడిచే గది తెలంగాణలో, రాయలసీమలో మామిడికి చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అది వేడిని తగ్గించడంతోపాటు తేమను కూడా ఇస్తుంది. కాయల మీదికి గాలి నేరుగా కొట్టకుండా చూసుకుంటే చాలు. ఏసీ గదిలో వేడి సరిగ్గా ఉన్నా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ కాయల మీద నూలు బట్ట కప్పి ఉంచాలి.

ప్రాంతాన్ని బట్టి ఉపాయం మారుతుంది. జగిత్యాలలోనో కర్నూలులోనో మే మధ్యాహ్నం వీచే పొడి గాలికి తడి గోనెసంచి కిటికీకి వేలాడదీస్తే గది స్పష్టంగా చల్లబడుతుంది, ఎందుకంటే నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది. అదే పని కాకినాడలోనో మచిలీపట్నంలోనో చేస్తే అంత ఫలితం కనిపించదు. అక్కడి గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక నీరు ఆవిరి కావడానికి చోటు లేదు. కోస్తాలో తేమకు లోటు ఉండదు, గాలి ఆడడం, నీడ పట్టడం ముఖ్యం. లోపలి జిల్లాల్లో చల్లదనం, తేమ రెండూ మనమే కల్పించాలి.

తోట ఉన్న రైతులకు, నీటి వసతి ఉన్న పల్లె ఇళ్లకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన కరెంటు అక్కరలేని చల్లని తొట్టిని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. చెట్టు నీడలోనో పాక కిందనో ఇటుకలతో రెండు వరుసల గోడ కట్టి, రెంటి మధ్య సుమారు 7.5 సెంటీమీటర్ల ఖాళీలో ఏటి ఇసుక నింపి, పొద్దునా సాయంత్రమూ ఆ ఇసుకను నీటితో తడుపుతారు; పైన వెదురు తడిక మీద గడ్డి పరిచి, దానినీ తడిపి మూతగా వేస్తారు. లోపలి తేమ 90 శాతం దగ్గర నిలుస్తుంది, ఎండ దంచికొట్టే పొడి ప్రాంతాల్లో లోపలి వేడి బయటికన్నా 10 డిగ్రీలకు పైగా తగ్గుతుంది. ఇటుక, ఇసుక, గడ్డి, మనిషి పని తప్ప దీనికి ఖర్చు లేదు. కాయలను గాలి ఆడే ప్లాస్టిక్ క్రేట్లలో పెట్టి ఇందులో దించితే మాగడం నెమ్మదిగా, సమంగా సాగుతుంది.

నాలుగవ అడుగు: పడక పరచడం

గడ్డి వేడి పుట్టించడానికి అని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని వేరు: పగటి వేడి, రాత్రి చల్లదనం కాయకు ఒక్కసారిగా తగలకుండా అడ్డుపడడం, కాయ విడిచే ఆవిరిని పీల్చుకోవడం, కాయకూ కాయకూ ఒరిపిడి లేకుండా చూడడం. అందుకే వరిగడ్డి పూర్తిగా ఎండినదై, బూజు వాసన లేనిదై ఉండాలి. వాన తడిసి నల్లబడిన గడ్డి వాసన పండుకు పట్టేస్తుంది, కుళ్లును కూడా అంటిస్తుంది.

నేల మీద మూడు నాలుగు అంగుళాల మందాన గడ్డి పరిచి, కాయలను తొడిమ కిందికి వచ్చేలా, ఒకదానికొకటి కాస్త ఎడంగా పేర్చాలి. పైన పలుచగా గడ్డి, దాని మీద రెండో వరుస, మళ్లీ గడ్డి; అంతటితో ఆపాలి. ఐదారు వరుసలు పేరిస్తే కాయల శ్వాస వల్ల పుట్టే వేడి మధ్యలో చిక్కుకుని, గది 28 డిగ్రీలు ఉన్నా కుప్ప నడుమ అంతకన్నా ఎక్కువ అవుతుంది. పైవి పచ్చిగా ఉండగా నడుమవి కుళ్లుతాయి. ఎక్కువ కాయలు ఉంటే కుప్ప ఎత్తు పెంచకుండా పడకను వెడల్పు చేయాలి. బంగినపల్లిని, రసాలను ఒకే పడకలో కలపకూడదు. పలుచని తొక్క ఉన్న చిన్న రసం ముందుగా మెత్తబడి, పైబరువుకు చితికి, కారిన రసంతో మిగిలిన కాయలను పాడు చేస్తుంది. రసాలకు ఒక్క వరుసే మంచిది.

పాలిథిన్ కవరు కప్పడం, కాయలను కవరులో పోసి మూతి బిగించడం పెద్ద తప్పు. మూసిన చోట ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. ఆ వాయువు ఇథిలీన్ పనిని అడ్డుకుంటుంది, ప్రాణవాయువు చాలక కాయ పులియడం మొదలుపెట్టి సారా వాసన పట్టుకుంటుంది. పచ్చగానే ఉండి లోపల పులిసిన కాయల వెనుక చాలాసార్లు ఉండేది ఈ ఊపిరాడని స్థితే. బియ్యం డబ్బాలో రెండు మూడు కాయలు పెట్టడం వరకు ఫరవాలేదు, అయితే రోజూ మూత తీయాలి.

ఐదవ అడుగు: పండే దారి పట్టించడం

బాగా ముదిరిన కాయలకు విడిగా ప్రేరణ అక్కరలేదు. చోటు కుదిరితే అవే పండుతాయి. అన్నీ ఒకే రోజుకు కావలసి వచ్చినప్పుడు, డజను కాయలకు రెండు మూడు పండిన అరటిపండ్లనో ఒక పండిన మామిడినో తోడుగా అట్టపెట్టెలో పెట్టి, పెట్టెకు నాలుగైదు చిన్న రంధ్రాలు చేసి మూత వేయాలి. ఇథిలీన్ నిలవాలి కనుక పెట్టె పూర్తిగా తెరిచి ఉండకూడదు, కాయ శ్వాసించాలి కనుక పూర్తిగా మూసి ఉండకూడదు. రోజుకొకసారి మూత తీసి పావుగంట గాలి ఆడనిచ్చి మళ్లీ మూయాలి.

వ్యాపార స్థాయిలో మాగబెట్టేవారికి ఇథిలీన్ గదులు ఉన్నాయి. భారత ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్ల వరకు, ఇథిలీన్ వాయువును అనుమతించింది. ఆ కొలత ఎంత స్వల్పమో ఒక లెక్కతో తెలుస్తుంది: 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు ఉన్న గదికి కావలసింది 10 లీటర్ల వాయువు మాత్రమే. 20 నుంచి 22 డిగ్రీల వేడిలో, 90 నుంచి 95 శాతం తేమలో, 12 నుంచి 24 గంటల పాటు ఆ వాయువు తగిలితే చాలు, రకాన్ని బట్టి 5 నుంచి 9 రోజుల్లో కాయలు సమంగా పండుతాయి. ఆ సమయంలో గదిలో బొగ్గుపులుసు వాయువు ఒక శాతం దాటకుండా తలుపులు తీసి గాలి మార్చాలి. ఇథిలీన్‌ను విడుదల చేసే ఇథఫాన్ అనే రసాయనం పొడి పొట్లాలు వాడేవారు పొట్లం చిరగకుండా, పొడి కాయకు తగలకుండా చూడాలి. ఇథఫాన్ ద్రావణంలో కాయలను ముంచడం అనుమతించిన పద్ధతి కాదు.

కాల్షియం కార్బైడ్ గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. తేమ తగిలినప్పుడు దాని నుంచి వెలువడేది ఇథిలీన్ కాదు, అసిటిలీన్. అది ఇథిలీన్ కన్నా ఎంతో బలహీనంగా పనిచేస్తుంది. ఆ రసాయన చర్యలో వేడి పుడుతుంది, కార్బైడ్‌లో మలినాలుగా ఉండే ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాల జాడలు కాయలకు అంటుకునే ప్రమాదం ఉంది. కార్బైడ్‌తో మాగబెట్టిన పండ్ల అమ్మకాన్ని ఆహార భద్రతా నిబంధనలు 2011లోనే స్పష్టంగా నిషేధించాయి. ఆ పొట్లాలు కట్టే కూలీల చేతులు, కళ్లు, ఊపిరితిత్తులు కూడా మనవాళ్లవే కదా అన్న ఆలోచన నన్ను ఎప్పుడూ వదలదు. తొక్క అంతా ఒకే తీరున పసుపెక్కి, నొక్కితే గట్టిగా, వాసన చూస్తే చప్పగా ఉన్న పండ్లను సీజను మొదట్లో చూసినప్పుడు కొనకుండా ఉండడం మన చేతిలో ఉన్న పని.

ఆరవ అడుగు: రోజువారీ కనిపెట్టడం

మొదటి రెండు రోజులు పడకను కదపనవసరం లేదు. మూడవ రోజు నుంచి ప్రతిరోజూ ఉదయం గడ్డి తొలగించి చూడాలి. ముందుగా వాసన: తియ్యని మామిడి వాసన అందితే మార్పు మొదలైనట్టే, పులిసిన వాసన అందితే ఎక్కడో ఒక కాయ కుళ్లింది, అదే రోజు వెతికి తీసేయాలి. ఆ తరువాత బొటనవేలితో బుగ్గను కాకుండా తొడిమ పక్క భుజాన్ని మెల్లగా తాకి చూడాలి, ఎందుకంటే గట్టిగా నొక్కిన చోట మరునాటికి మచ్చ పడుతుంది. భుజం కాస్త లొంగితే ఆ కాయ ఒక్క రోజు దూరంలో ఉంది.

సమస్యలు కనిపిస్తే కారణం ఇలా పట్టుకోవచ్చు. తొక్క ముడతలు పడుతూ కాయ గట్టిగానే ఉంటే గాలి పొడిగా ఉంది. పడక చుట్టూ, పైన కాక పక్కన, తడి గోనెలు ఉంచాలి. నల్ల మచ్చలు పెరుగుతూ ఉంటే తెగులుతోపాటు వేడి, తడి రెండూ ఎక్కువయ్యాయి. గడ్డి మార్చి, కాయలను ఎడం చేయాలి. కొన్ని మెత్తబడి కొన్ని రాయిలా ఉంటే కోతలో లేత, ముదురు కలిశాయి. మెత్తనివి తీసి గట్టివాటిని వేరే పడకలో కొనసాగించాలి. అన్నీ పచ్చగా ఉండి కండ మెత్తబడితే చోటు వేడిగా ఉంది. మిగిలినవాటిని వెంటనే చల్లని గదికి మార్చాలి. ఆ పచ్చి తొక్క పండ్లను పారేయకండి, తొక్క రంగు రాకపోయినా కండ తినదగినదే కావచ్చు, కోసి చూసి నిర్ణయించుకోవాలి.

కొత్తిమీర, కరివేపాకు, ఆకుకూరలు, దోసకాయలను మాగే కాయల గదిలో ఉంచకూడదు. మామిడికి మేలు చేసే ఇథిలీన్ వాటిని పసుపెక్కించి వాడ్చేస్తుంది.

ఏడవ అడుగు: ఫ్రిజ్ ఎప్పుడు, ఎప్పుడు కాదు

పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టడం ఉక్కలో పెట్టడం ఎంత హానికరమో అంతే హానికరం. మామిడి వేడి దేశపు పంట. ముదిరిన పచ్చికాయ 13 డిగ్రీల కన్నా తక్కువ చలిని ఎక్కువ రోజులు తట్టుకోలేదు. చలిదెబ్బ తిన్న కాయ ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ బాగానే కనిపిస్తుంది. బయటికి తీసిన తరువాత తొక్క బూడిద రంగుకు మారి, గుంటలు పడి, పండీ పండని స్థితిలో చప్పబడి కుళ్లుతుంది. కాయలను ఆపి ఉంచవలసిన వ్యాపారులు 13 డిగ్రీల శీతల గదిలో రెండు మూడు వారాలు నిలవ చేయగలరు; ఇంటి ఫ్రిజ్ అంతకన్నా ఎంతో చల్లగా ఉంటుంది.

పూర్తిగా పండిన తరువాత చిత్రం మారుతుంది. పండు పచ్చికాయ కన్నా చలిని బాగా ఓర్చుకుంటుంది, దానికి 10 డిగ్రీలు అనుకూలం. ఇంట్లో అయితే ఫ్రిజ్ కింది అరలో, కూరగాయల పెట్టెలో నాలుగైదు రోజులు ఉంచవచ్చు. తినడానికి అరగంట ముందు బయటపెడితే చలికి అణగిన వాసన తిరిగి తేరుకుంటుంది.

బజారులో కొన్న పండు బంగారు రంగులో మెరుస్తూ కోస్తే పుల్లగా ఉండడం చాలామందికి అనుభవమే. 15.5 నుంచి 18 డిగ్రీల చల్లని గదిలో మాగిన పండుకు రంగు అందంగా వస్తుంది, పులుపు మాత్రం దిగదు. అటువంటి పండును పారేయనవసరం లేదు. 21 నుంచి 24 డిగ్రీల చోట, దొరకకపోతే ఇంట్లో అన్నిటికన్నా చల్లని మూల, రెండు మూడు రోజులు ఉంచితే తీపి తేలుతుంది.

మామిడి కాక మిగిలిన పండ్లు

ఇక్కడ చెప్పిన పద్ధతి స్వల్ప మార్పులతో అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం, జామలకూ వర్తిస్తుంది, ఎందుకంటే ఇవన్నీ కోసిన తరువాత ఇథిలీన్‌తో పండేవే. అరటికి వేడి భయం మరీ ఎక్కువ: మనం పొడుగు అరటి అని కొనే కావెండిష్ రకం 30 డిగ్రీలు దాటిన చోట మాగితే తొక్క పచ్చగానే ఉండి లోపల గుజ్జయిపోతుంది, 13 డిగ్రీల లోపు చలిలో పెడితే తొక్క నల్లబడి మాసిపోతుంది. సీతాఫలం అక్టోబరు, నవంబరుల చల్లదనంలో వస్తుంది కాబట్టి దానికి వేడి సమస్య తక్కువ; కళ్లు విచ్చుకుని, వాటి మధ్య మీగడ రంగు తేలిన కాయ రెండు మూడు రోజుల్లోనే మెత్తబడుతుంది, కాబట్టి వరుస మీద వరుస పేర్చకుండా ఒక్క వరుసగా పరచాలి.

ద్రాక్ష, దానిమ్మ, బత్తాయి, నిమ్మ, అనాసలు ఈ కోవలోకి రావు. వాటిని కోసిన తరువాత గడ్డిలో పెట్టినా, అరటిపండు తోడు పెట్టినా తీపి పెరగదు. బత్తాయి తొక్క పసుపెక్కవచ్చు, లోపలి రసం మాత్రం చెట్టు నుంచి తెగిన నాటి రుచిలోనే ఉండిపోతుంది. వాటికి కావలసింది మాగబెట్టడం కాదు, తోటలో పండేదాకా ఆగడం, ఇంట్లో చల్లగా నిలవ చేసుకోవడం.